దొడ్డి గుండె

అత్త గురించి మంచి మాట చెప్పే అల్లుడు ఈ కొండల్లో దొరకడు. అందులోనూ నాలాంటి ఇల్లరికపు అల్లుడు అసలు దొరకడు. మా వైపు ఊలు కోసం పెంచే అల్పాకా మందకు పూజ జరిగే రోజున అల్లుడంటే నీళ్ళు మోసేవాడు, సారా పోసేవాడు, అందరూ నవ్వుకోవడానికి పనికొచ్చేవాడు. ఆ పూజ జరిగే కార్నివాల్ పండగ నాడు నా టోపీకి ఊలు కుచ్చులు కట్టి, "ఇదిగో ఇంకో మగ అల్పాకా, దీని బొచ్చు మాత్రం ఎందుకూ పనికిరాదు" అని ఏటా అదే వేళాకోళం చేస్తారు. నేనూ ఏటా నవ్వుతాను. పద్ధతి మరి. అయినా సరే, చెప్పి తీరతాను. మా అత్త గుమెర్సిందా లాంటి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆమె ఇంటికి అల్లుణ్ణి అయినందుకు నాకు గర్వంగా ఉంది. ఈ మాట ఆమె ముందే అంటే "పొద్దున్నే తాగావా?" అంటుంది కాబట్టి ఆమె లేనప్పుడు చెబుతున్నాను.

నేను పుట్టింది కింద, బంగాళాదుంపలు పండే లోయలో. అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమెకు నేను దుంపలోణ్ణే. అల్పాకాకూ బరువులు మోసే లామాకూ తేడా తెలియనివాడికి కూతుర్నిచ్చానని మకుసాని సంతలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. తేడా నాకు తెలుసు. కానీ ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. నా భార్య నికాసియా కూడా అంతే. తల్లి చాలు పిల్లకు తప్పుతుందా? ఆ ఇద్దరి మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కలా బతుకుతున్నాను.

మంద ఒకటే అయినా అందులో ఎవరివి వాళ్ళవే. నికాసియాకు చిన్నప్పుడు ఇచ్చినవీ వాటికి పుట్టినవీ నికాసియావి, అత్తవి అత్తవి. చెవి కుచ్చుల రంగు చూస్తే తెలిసిపోతుంది. అత్త మందలో అన్నిటికన్నా విలువైనవి నల్లవి. ఎండకు ఎర్రబడే నలుపు కాదు, కుండ అడుగున పట్టే మసి నలుపు. ఆమె తల్లి నుంచి ఆమెకు వచ్చిన వంశం, ఆ తల్లికి వాళ్ళ తల్లి నుంచి వచ్చింది. సంతలో తెల్ల ఊలే అడుగుతారు, దానికి ఏ రంగైనా ఎక్కుతుందని. చుట్టుపక్కలవాళ్ళంతా నల్లవాటిని అమ్ముకునో కోసుకు తినో మందల్ని తెల్లగా చేసుకున్నారు. మా అత్త మాత్రం, "అద్దిన నలుపు ఉతికితే పోద్ది, నా నలుపు పోదు" అని ఎవరి మాటా వినలేదు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నలుపు దానంతటదే తగ్గిపోతూ వచ్చింది. చివరికి యనా అనే ముసలి తల్లి ఒక్కటి మిగిలింది. దాని పళ్ళు అరిగిపోయాయి. కన్నవన్నీ మగవే. ఆ ఏడు వానల్లో మాత్రం, ఒక పొద్దున పొగమంచు విడుతుండగా, ఆడపిల్లను కన్నది.

పిల్ల తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంటుంటే అత్త బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. చనుమొనలకు పట్టిన మైనపు బిళ్ళలు గోటితో తీసింది. మొదటి ధార నేలతల్లికి పిండి, ఆ తర్వాత పిల్ల మూతిని జున్నుపాలకు పెట్టింది. నికాసియా పిల్ల బొడ్డుకు అయోడిన్ రాస్తుంటే అడ్డు చెప్పలేదు, కూతురి ముచ్చట ఎందుకు కాదనాలని.

"మా అమ్మ తిరిగొచ్చింది," అంది పిల్లను చూస్తూ.

యనాకు ఇక ఈత ఉండదని మా ముగ్గురికీ తెలుసు. ఆ పిల్ల బతికితే నలుపు ఉంటుంది. పోతే అత్తతోనే ఆఖరు.

పిల్లతల్లులు పడుకునేది పాత దొడ్డిలో. దాని గోడ రాళ్ళు అత్త ముత్తవ్వ పేర్చినవి. లోపల తరతరాల పెంటికలు తొక్కుడుపడి మెత్తటి నేలగా మారాయి. ఆ మందం అత్తకు ఎంతో గొప్ప. "ఎన్ని అల్పాకాలు పడుకుంటే ఇంత నేలయిద్దో మీరే అనుకోండి" అని వచ్చినవాళ్ళకు చూపించేది. ఆ నేల నడిమధ్య, ఒక బల్లపరుపు రాయి కింద, దొడ్డి గుండె ఉంటుంది. గుండె అంటే అల్పాకా రూపంలో ఉండే చిన్న రాళ్ళు, కాస్త కొవ్వు, కొండకు నైవేద్యం పెట్టే కోకా ఆకు, అన్నీ కలిపి నేత గుడ్డలో కట్టిన మూట. కార్నివాల్ నాడు తప్ప దాన్ని బయటికి తీయకూడదు. అంతకుముందే తీస్తే తీసినవాళ్ళను మందను కాచే కొండ పట్టుకుంటుంది. పుట్టిన పిల్లలు చెవులకు కుచ్చులు కట్టేదాకా ఆ గుండె మీదే పడుకోవాలి, లేకపోతే అవి తల్లి ఉన్నా అనాథలే. ఇది అత్త మాట, వాళ్ళమ్మ మాట, మా ఇంట్లో ఇంకెవరూ ఎదురు చెప్పని మాట.

మా వానాకాలం నడిమధ్య, జనవరిలో, ముసురు పట్టింది. పెంట అంతా బురదయింది. పొద్దున గెంతులేసిన పిల్ల మధ్యాహ్నానికి ఒక మూల మెడ చాచి పడుకునేది. పొట్ట బిగుసుకుపోయేది. సాయంత్రానికి ఉండేది కాదు. పోయినవి బక్కవి కావు, తల్లిపాలు కడుపారా తాగి, వీపు తడిమితే ఎముక తగలనంత పుష్టిగా ఉన్నవి. అత్త ముందు దిష్టి అంది. పొరుగున ఉండే మెలితోనా మా పిల్లల్ని చూసి "అబ్బ, ఎంత బలిసినయ్యో" అని పోయిందట. అత్త దిష్టి పోవడానికి పొగ వేసింది. తర్వాత ఇంకొకటి పోయింది. అప్పుడు కొండ తన వాటా తీసుకుంటోంది అంది.

నికాసియా చచ్చిన పిల్ల పొట్ట కోసి చూసి, చేతులు కడుక్కుని తల్లి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఇది దిష్టీ కాదు, కొండా కాదు. ఈ నేల. ఇన్నేళ్ళుగా జబ్బుపడ్డయ్యన్నీ ఇందులోనే పారినయ్యి. వాన పడితే ఆ రోగం పైకొస్తంది. పిల్లలు నేల నాకుతయ్యి, బురద పొదుగునే తాగుతయ్యి. పైన వాలు మీద కొత్త దొడ్డి కట్టుకుందాం."

"మా అమ్మ తొక్కిన నేలని రోగమంటావటే?"

"అమ్మమ్మని అన్లా. పెంటని అన్నా."

"ఆ పెంట మంట మీదే నీకు గంజి కాగింది."

"కాగితే కాగింది. పొయ్యిలో పెట్టు. పిల్లల కింద ఎందుకు?"

నాకు నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు. ఆ తర్వాత నాకు చాలా రోజులు నవ్వు రాలేదు.

నికాసియా తన తెల్లవాటిని, వాటి పిల్లల్ని వేరు చేసింది. నేనూ ఆమే వడగళ్ళలో రాళ్ళు మోసి, గాలి తగిలే, నీళ్ళు నిలవని వాలు మీద కొత్త దొడ్డి కట్టాం. గోడ వంకరగా వచ్చింది. కింద నుంచి అత్త చూసి, "దుంపలోడు దుంపలగోడే కట్టాడు" అంది. ఆమె మాత్రం తన పిల్లల్ని, నల్లపిల్లను పాత దొడ్డి నుంచి కదలనివ్వలేదు. నికాసియా బలవంతం చేయలేదు. తల్లి సొత్తు తల్లిది.

అప్పటి నుంచి తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, మాటలన్నీ నా మీదుగా నడిపేవారు.

"అల్లుడూ, నీ పెళ్ళాంతో చెప్పు, చారులో ఉప్పెక్కువైందని."

"మీ అత్తతో చెప్పు, వండేటప్పుడు కళ్ళనీళ్ళు పడ్డయ్యని."

నేను చెప్పేవాణ్ణి కాదు. ఇద్దరికీ వినబడుతూనే ఉంది కదా. చెప్పకపోతే "చెవుడా?" అని ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవారు. ఆ ఒక్కదాంట్లోనే వాళ్ళకు పొత్తు కుదిరేది.

రోజూ పొద్దున్నే అత్త నల్లపిల్ల వీపు తడిమి, నన్నూ తడమమనేది. "చూడు, వేలు మునుగుతంది." నిజమే, మునిగేది. నాకు భయమేసేది. పోయినవన్నీ వేలు మునిగినవే. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. చూడదలుచుకోలేదు, అంతే.

పైన కొత్త దొడ్డిలో ఒక్కటీ పోలేదు. కింద పాత దొడ్డిలో తేనెరంగు పిల్ల పోయింది. అన్నిటికన్నా పుష్టిగా ఉన్నది అదే.

చచ్చిన పిల్ల తోలు మెత్తగా ఉంటుంది కాబట్టి మా వైపు ఒలిచి ఉంచుకుంటాం. పొట్ట జోలికి పోం, కుక్కలకు అందకుండా పూడ్చేస్తాం. ఆ రోజు అత్త తోలు ఒలిచింది. తర్వాత కత్తిని మళ్ళీ రాయి మీద నూరి, పొట్ట కోసింది. నేను పక్కనే ఉన్నాను, వద్దనలేదు. పేగులు గాలికి ఉబ్బి, కమిలి ఊదారంగుకు తిరిగాయి. అత్త కత్తి మొనతో కడుపు తెరిచింది. లోపల పాలు.

"కడుపునిండా ఉన్నయ్యి," అంది.

కత్తిని గడ్డికి తుడిచింది.

"మా అమ్మ ఉన్నప్పుడు ఒక ఏడు ఇట్టాగే పోయినయ్యి. బలిసినయ్యే ముందు పోయినయ్యి. మా అమ్మ ఏడవలా. కొండకి ఆకలేసింది అంది." ఆమె దొడ్డి బురద గుప్పెడు తీసి వాసన చూసింది. "కొండకి ఆకలైతే మాంసం తినాలి గదా. పేగులు కుళ్ళబెట్టి మనకే వదిలిపెట్టుద్దా?"

లేచి వాగు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కుంది. తిరిగి వస్తూ, "ఈ మాట పైకి మోసుకుపోయావంటే చూడు," అంది.

"నేనెందుకు మోస్తానత్తా?"

"మోస్తావు. అల్లుడు ఉండేదే మోయడానికి."

నేను మోయలేదు. మోసే అవసరమూ రాలేదు. మర్నాడు పొద్దున నల్లపిల్ల పాలకు వెళ్ళలేదు. చెవులు వాల్చి గోడవారన నిలబడింది. తోక కింద పచ్చగా, నీళ్ళలా అంటుకుని ఉంది. యనా దాని చుట్టూ తిరుగుతూ మూలుగుతోంది. అత్త పిల్ల పొట్ట నొక్కి చూసింది. ఇంకా బిగుసుకోలేదు. లేచి ఇంట్లోకి వెళ్ళింది.

బయటికి వచ్చేసరికి ఒంటి మీద పండగ బట్టలున్నాయి. కార్నివాల్‌కు తప్ప పెట్టె నుంచి తీయని కుట్టుపని పావడాలు, పూల అంచు టోపీ. పైన వాన పడుతోంది. నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"అల్లుడూ, పార పట్టు."

"దేనికత్తా?"

"పాటలు పాడటానికి. తవ్వడానికిరా నాయనా. దుంపలు తవ్వినోడివేగా."

దొడ్డి మధ్య బల్లపరుపు రాయి దగ్గర ఆగింది. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

"ఇది కార్నివాల్ కాదత్తా. ఇప్పుడు తీస్తే తీసినోళ్ళని..."

"నాకు తెలవదా? అందుకే నువ్వు తవ్వు, నేను తీస్తా. ఆ గుడ్డకి నీ చెయ్యి తగలనీమాక. నా కూతురు చెయ్యి అసలే తగలకూడదు."

నేను తవ్వాను. ముత్తవ్వల నాటి పెంట పొరలు పొరలుగా లేచింది. రాయి కదిపాక అత్త గుంటలోకి రెండు చేతులూ పెట్టి మూట బయటికి తీసింది. కొండ మబ్బు వెనక ఉంది, కనబడటం లేదు. కొండ ఉండే వైపుకు తిరిగి ఆమె మాట్లాడింది. పూజలో పాడే గొంతు కాదు. పొలం గట్టు మీద పక్కింటి పెద్దమనిషితో మాట్లాడే గొంతు.

"నీకు ఏనాడైనా చిరిగిన ఆకు పెట్టానా? నా మొగుడు పోయిన ఏడు కూడా ఏరిన ఆకే పెట్టా. ఇయ్యాల నీతో మాట్లాడ్డానికొచ్చా, అడుక్కోడానికి కాదు. ఈ పిల్లలు నావీ, నీవీ. వాటిని పొడినేల మీదికి తీసుకుపోతన్నా. నీ గుండె కూడా వాటితోనే వస్తంది. కోపమొస్తే నా మీద తీర్చుకో. నా కూతురికి ఈ సంగతి తెలవదు. వీడు దుంపలోడు, వీడి సంగతి లెక్కలోకి తీసుకోమాక."

ఆమె నమ్మకం పోయి ఆ పని చేయలేదు. కొండ తనను పట్టుకుంటుందని నమ్ముతూనే చేసింది. ఆ మాటకొస్తే నేనూ నమ్ముతాను, అందుకే ఆ మూటకు దూరంగా రెండడుగులు వెనక్కి వేశాను.

మూటను భుజం దుప్పటిలో కట్టుకుని ఆమె ముందు నడిచింది. నేను నల్లపిల్లను నా ఒంటి మీది ఉన్ని పొంచోలో చుట్టి ఎత్తుకుని వెనక నడిచాను. నా వెనక యనా. వాలు ఎక్కుతుంటే ఆమె రెండుసార్లు జారింది. పట్టుకోబోతే కసురుకుంది.

నికాసియా కొత్త దొడ్డి వాకిట్లో నిలబడి చూస్తోంది. పండగ బట్టలు చూసింది, దుప్పటిలో మూట చూసింది. ముఖం పాలిపోయింది.

"ఏం చేశావమ్మా?"

"తెచ్చా. జరుగు."

నికాసియా జరగలేదు. తల్లి వైపు, ఆ తర్వాత నా చేతుల్లోకి చూసింది. నల్లపిల్ల తోక కింద తడి నా పొంచోకు అంటుకుని ఉంది.

"గుండెని లోపలికి తీసుకురా అమ్మా. నల్లపిల్ల మాత్రం బయటే."

"అది అత్త నల్లపిల్లే," అన్నాను.

"తెలుసు. దాని పారుడు ఇక్కడ పడితే రేపటికి ఇదీ పాత దొడ్డే అయిద్ది. లోపల బతికున్న పిల్లలున్నయ్యి." ఆమె గొంతు వణుకుతోంది. కానీ రెండు చేతులూ వాకిలి రాళ్ళకు ఆన్చి అలాగే నిలబడింది.

అత్త కూతుర్ని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళలో ఆమెకు అడ్డంగా ఎవరూ నిలబడలేదు. ఆమె గుండెను మోసుకొస్తే, ప్రాణానికి తెగించి మోసుకొస్తే, వంశంలో మిగిలిన ఒక్క పిల్లను గడప దాటనివ్వనంటోంది కడుపున పుట్టిన కూతురు. పిడుగు పడుతుందనుకుని నేను తల దించుకున్నాను. పిడుగు పడలేదు. అత్త ఒక్కతే లోపలికి వెళ్ళి, మధ్యలో మూట దించి, దాని మీద రాయి పెట్టింది. బయటికొచ్చి నా చేతుల్లోంచి పిల్లను తీసుకుని, దూరంగా ఒక పెద్ద బండ చాటున కూర్చుంది. పైపైన తొడుక్కున్న పండగ పావడాలు విప్పదీసి పిల్ల చుట్టూ కప్పింది.

నేను ప్లాస్టిక్ పట్టా కట్టడానికి వెళితే, నెమ్మదిగా అంది, "చూశావా అల్లుడూ. నాకే దారియ్యలా."

"కోప్పడమాకత్తా."

"కోపమా? నా నల్లపిల్లకే దారియ్యలా అది. ఏడుపు మింగుకుని నిలబడింది, చూశావా? ఇంకెవరైనా అయితే అమ్మ కదా అని జరిగేవోళ్ళు. జరిగితే మంద పోయేది." ఆమె కళ్ళు మెరిశాయి. "నా తర్వాత ఈ మంద ఏమయిద్దోనని నాకు నిద్ర పట్టేది కాదు. ఇంక పడుద్ది."

ఆ మాట నేను పైకి మోసుకెళ్ళాలనుకున్నాను. అయితే నన్ను మోయొద్దని చెప్పకపోయినా, అది ఆమె నోటి నుంచే రావలసిన మాట అనిపించి ఊరుకున్నాను.

నికాసియా కిందికి వెళ్ళి మిగతా పిల్లల్ని ఒక్కొక్కటిగా చూసి, పారుడు లేనివాటినే పైకి తోలుకొచ్చింది. ఆ తర్వాత కెటిల్‌లో మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు పట్టుకుని బండ దగ్గరికి వచ్చింది. యనా పాలు నన్ను పిండమంది, పిల్లకు మాత్రం ఆ పూటకు పాలు వద్దంది. సంతలో కొన్న మందు కూడా తెచ్చింది.

అత్త కెటిల్ వైపు చూసింది. నావైపు చూడలేదు. వాకిట్లో అన్న ఆ ఒక్క "జరుగు" తప్ప, కొత్త దొడ్డి కట్టాక మొదటిసారి కూతురితో నేరుగా మాట్లాడింది.

"ఉప్పెంతేశావే?"

"చిటికెడు. చక్కెర గుప్పెడు. కొంచెం కొంచెం పట్టు, మింగేదాకా ఆగు, మళ్ళీ పట్టు. తల ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోద్ది."

"పిల్లలకి పట్టడం నువ్వు నాకు నేర్పుతావా?"

"నేర్పుతా."

"సరే, నేర్పు. చెంచా ఇటియ్యి."

ఆమె అక్కణ్ణించి కదల్లేదు. వానా మంచూ కలిసి పడ్డాయి, పట్టా ఎగిరిపోతే నేను మళ్ళీ కట్టాను. నికాసియా వేడి చారు పంపితే తాగింది, ఉప్పు గురించి ఒక్క మాట అనలేదు. పిల్ల ఒకసారి కళ్ళు మూస్తే అంతా అయిపోయిందనుకున్నాం. అత్త దాని చెవిలో ఏదో అంటూ, చెంచా ఆపలేదు. అలా ముసురంతా గడిచాక, ఎండ కొంచెం పొడిచిన ఒక మధ్యాహ్నం, నల్లపిల్ల ఆమె పావడాలో మూతి దూర్చి పొదుగు కోసం వెతకడం మొదలుపెట్టింది.

"నా దగ్గరేం లేవే పిచ్చిదానా. నీ అమ్మ అక్కడుంది," అంది అత్త.

అది లేచి వెళ్ళింది. యనా కింద నిలబడి తోక ఎగరేస్తూ తాగింది. సాయంత్రానికి ఇన్ని పెంటికలు వేసింది. గుండ్రంగా, గట్టిగా, నల్లగా. నికాసియా పరిగెత్తుకొచ్చింది. ఆ పెంటికల చుట్టూ ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని మురిసిపోయాం. లోయలో మావాళ్ళు ఆ దృశ్యం చూసి ఉంటే నన్ను వెంటనే ఇంటికి లాక్కుపోయేవారు.

ఇక కొండ సంగతి. అత్తను ఎప్పుడు పట్టుకుంటుందోనని నేనూ నికాసియా కళ్ళలో వత్తులు వేసుకుని చూశాం. ఆమెకు జలుబు చేసింది. "ఇంతేనా?" అని కొండ వైపు చూసి తుమ్మింది. ఆ జలుబు కూడా తగ్గిపోయింది.

కార్నివాల్ వచ్చింది. గుమెర్సిందా కాలం కాని కాలంలో గుండె తీసిందని కొండల్లో అందరికీ తెలిసిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా ఆ ఏడు మా పూజకు వచ్చారు. ఆమెకు ఏమయిందో చూడటానికే వచ్చారని నాకు తెలుసు. వాకిట్లో నేను సారా పోస్తుంటే పొరుగావిడ మెలితోనా నా చెయ్యి పట్టుకుంది.

"మీ అత్త కాళ్ళూ చేతులూ ఆడతన్నయ్యా?"

"నోరు కూడా ఆడతంది పిన్నీ. దగ్గరికి పోయి చూడు."

మెలితోనా నవ్వలేదు. ఆమె దొడ్డిలో ఆ ఏడు పిల్లలు దాదాపు అన్నీ పోయాయి. దిష్టి పెట్టింది ఆమేనని మేము పొగ వేస్తున్న రోజుల్లో, ఆమె తన పిల్లలకు దిష్టి తీస్తూ ఉందట.

అత్త పండగ బట్టల్లో కొత్త దొడ్డి మధ్య నిలబడింది. పావడాల అంచున మరకలు పోలేదు. వాటిని ఉతికించలేదు, దాచుకోలేదు. మొదటి కుచ్చు నల్లపిల్లకు కట్టింది. దాన్ని చూసి వచ్చినవాళ్ళంతా గొణుక్కోవడం ఆపేశారు. మసి నలుపు, చెవిన ఎర్ర కుచ్చు, పక్కన గంభీరంగా యనా. అంత అందమైన పిల్ల ఆ కొండల్లో ఇంకొకటి లేదు. నా మాట అబద్ధమనుకుంటే వచ్చి చూసుకోవచ్చు.

కుచ్చులు కట్టడం అయ్యాక జనం తినడానికి కూర్చున్నారు. మెలితోనా కూర్చోలేదు. దొడ్డి నేల చూసింది, వాలు చూసింది, వంకర గోడ చూసింది. అత్త దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ ఇద్దరూ చిన్నప్పటి నుంచీ మందల విషయంలో ఉప్పూ నిప్పూ. ఎవరి మంద పెద్దదో తేలక, ఎవరూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగరు.

"మా దొడ్డి కూడా కదపాలి గుమెర్సిందా," అంది మెలితోనా. "ఎట్టా కదపాలో, పిల్లల్ని ఎట్టా వేరు చెయ్యాలో నాకు తెలవదు. నువ్వొచ్చి చెప్పాలి."

అందరూ వింటున్నారు. అత్తకు ఇంతకన్నా కావలసిందేముంది? జీవితమంతా ఎదురుచూసిన రోజు అది. మెలితోనా ఆమె ముందు నిలబడి అడుగుతోంది, కొండలన్నీ సాక్ష్యం. నేను సారా చెంబు పట్టుకుని ఆగిపోయాను.

"నన్నడుగుతావేంది?" అంది అత్త, అందరికీ వినబడేలా. "నా కూతుర్ని అడుగు. నాకు నేర్పింది అదే."

నికాసియా చేతిలో కుచ్చుల బుట్ట ఉంది. అది కిందపెట్టి తల్లిని చూసింది. తల్లి కావాలనే తనను చూడటం లేదని, చూస్తే ఆమె ఏడ్చేస్తుందని తెలుసుకుంది కాబోలు, వెంటనే మెలితోనా వైపు తిరిగింది.

"రేపే వస్తా పిన్నీ," అంది. "మా అమ్మనీ తీసుకొస్తా. నేల సంగతి నేను చూస్తా, కానీ కొండతో మాట్లాడటం ఆమెకే తెలుసు."

అత్త కాదనలేదు. పొద్దున్నే బయల్దేరాలి, ఎక్కువ తాగమాక అని నాతో అంది.